చప్పుడు లేని లాంచీ

ఆ లాంచీలోంచి డీజిల్ ఇంజన్లు పీకింది నేనే. ఎవరైనా అడిగితే ఇప్పటికీ కాస్త గొప్పగానే మొదలుపెడతాను. నాలుగు మాటలయ్యేసరికి నోరు చేదెక్కి, ఏదో పని ఉందని లేచిపోతాను.

లాంచీ అనడం మా వాళ్ల అలవాటు. కాగితాల మీద అది మోటార్ యాట్. రెండంతస్తులు, కింద ఏసీ గదులు, పైన కూర్చుని గోదారి చూడ్డానికి తెల్ల సోఫాలు. ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి, విశాఖపట్నంలో ఎవరో వదిలించుకుంటుంటే కొన్నారు. దాన్ని సముద్రంలో తీసుకొచ్చి, అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే మొగ దాటించి, వశిష్ట పాయలోకి ఎక్కించి, రాజోలు దిగువన రేవులో కట్టిన మనిషి మా బావగారు. మా అక్క భర్త. ఆ మొగలో ఇసుక ఏ వారం ఎక్కడ మేట వేస్తుందో దానికే తెలియదు. అంత పెద్ద పడవని గీత పడకుండా తెచ్చారని అంతర్వేది జాలర్లు చాలా రోజులు చెప్పుకున్నారు. ఆయన అప్పటికి ముప్పై ఏళ్లుగా సరంగు. జనాన్ని ఏరు దాటించే పంటు నడిపారు, ఇసుక పడవలు నడిపారు, చివరికి ఈ తెల్ల లాంచీ చేతికొచ్చింది. దాని స్టీరింగ్ ముందు నిలబడ్డప్పుడు ఆయన ఒడ్డునున్న వాళ్లతో మాట్లాడే తీరే వేరుగా ఉండేది.

నా సంగతి వేరు. దుబాయ్‌లో పడవలు బాగుచేసే యార్డులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. పెద్దపెద్ద పడవలకి డీజిల్ తీసి బ్యాటరీలు పెట్టే పని మొదలైనప్పుడు కేబుళ్లు లాగింది, మోటార్లు కూర్చోబెట్టింది, తప్పులు పట్టుకుంది నేను. నా కార్డు మీద మాత్రం చివరిదాకా హెల్పర్ అనే ఉంది. తిరిగొచ్చాక మామిడికుదురులో చిన్న షాపు పెట్టుకుని, రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లకి వైండింగ్ చేసుకుంటూ బతుకుతున్నాను. రోజుకి నాలుగు కాలిపోయిన మోటార్లు, నలుగురు విసుక్కునే రైతులు. నాకు వచ్చిన పని ఇది కాదని లోపల కుతకుతలాడుతూ ఉండేది. నాకు ముక్కు మీద కోపం అని మా అక్క అంటుంది. కోపం ముక్కు మీద ఉంటే బాగానే ఉండేది. నాది నాలుక మీద ఉంటుంది.

లాంచీ యజమాని గారి భార్యకి డీజిల్ వాసన పడేది కాదు. ఎక్కిన గంటకల్లా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందు వైపు వెళ్లి కూర్చునేవారు. ఆ మోతలో పైన మాట్లాడుకోవడం కూడా కుదిరేది కాదు. ఒకరోజు యజమాని గారు, “ఈ ఇంజన్లు తీసేసి బ్యాటరీ మీద నడిపేది ఏమైనా ఉందాండి సరంగు గారూ?” అని అడిగారట. బావగారు వెంటనే, “ఎందుకు లేదండీ, మా బామ్మర్ది దుబాయ్‌లో చేసిన పని అదేనండి” అన్నారట. ఆ పని నాకు ఇప్పించింది ఆయనే. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే దాచినట్టు ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన షాపుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. “ఏంటి బామ్మర్ది గారూ, ఇక తమరు ఇంజినీరు గారన్నమాట” అని వెటకారం చేశారు. ఆనందంలో నాకు కాళ్లు నిలవలేదు. కాగితం తీసి బొమ్మ గీశాను. ఇంజన్లున్న చోట మోటార్లు, డీజిల్ ట్యాంకులున్న చోట బ్యాటరీలు, షాఫ్టులు పాతవే, రేవులో ఛార్జింగుకి వేరే లైను. ఆయన కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి, బాగుందిరా అని తిరిగిచ్చేశారు. తర్వాత అడిగారు.

“చప్పుడు అసలు ఉండదంటావా?”

“చీమ చిటుక్కుమన్నా వినబడుద్ది బావగారూ.”

“కొంచెం ఉంచకూడదేంట్రా?”

నాకు నవ్వాగలేదు. అసలు చప్పుడు పోగొట్టడానికే కదా ఇంత పని. “అంత ముచ్చటగా ఉంటే మీ ఫోన్లో డుగుడుగు రికార్డు చేసి పెట్టుకోండి, చెవి దగ్గర పెట్టుకుని నడుపుదురుగాని” అన్నాను. ఆయన కూడా నవ్వారు. లుంగీ సర్దుకుని, వస్తానురా అని వెళ్లిపోయారు. వీధి దీపాలు వెలగకముందే ఇల్లు చేరాలన్న తొందర ఆయనకి ఆ మధ్యే వచ్చింది. అక్కంటే భయమని మేమంతా ఏడిపించేవాళ్లం.

ఇంజన్లు తీసిన రోజు ఎండ మండిపోతోంది. పై డెక్కు చెక్కలు విప్పి, ఇనుప స్తంభాలు పాతి, చైను కప్పీ వేలాడదీశాం. ఒక్కో ఇంజను మంచమంత ఉంది. బోల్టులు విప్పడానికే రెండు రోజులు పట్టింది. మొదటిది లేపబోతుంటే బావగారు కిందికి దిగి వచ్చి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

“ఒక్కసారి స్టార్ట్ చెయ్యరా. ఆఖరుసారి.”

“డీజిల్ తోడేశాం కదండీ. పైపులు కూడా విప్పేశాం. ముందే చెప్పొద్దా?”

“ఆయ్. పోన్లే.”

ఒక డబ్బాడు డీజిల్ పోసి, రెండు పైపులు బిగిస్తే అయ్యే పని. అరగంట. ఎండలో నాకు విసుగ్గా ఉంది, కప్పీ వాళ్లు చూస్తున్నారు, నేను మేస్త్రీని. అందుకని చెయ్యలేదు. నా మీద నాకు అసహ్యం వేసే సంగతుల్లో ఈ అరగంట కూడా ఉంది.

రెండు ఇంజన్లూ ఒడ్డున దించేసరికి లాంచీ వెనక భాగం జానెడు పైకి లేచింది. అడుగున ఎర్ర రంగు బయటపడి, అదేదో కొత్త పడవలా కనబడింది. బ్యాటరీలు సర్ది, బరువు సరిపోక మళ్లీ జరిపి, పడవ నీళ్లలో సమంగా కూర్చునేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఉప్పు గాలికి పాడవకుండా ప్రతి కేబులు కొసకీ నేనే పూత పూశాను. ఒక్క ముడి కూడా ఇంకొకరి చేత వేయించలేదు. స్టీరింగ్ ముందు ఒక స్క్రీను పెట్టాను. పడవ కింద నీళ్లు ఎంత లోతు ఉన్నాయో అందులో అంకె పడుతుంది. పాతది ఎన్నో ఏళ్ల క్రితమే చచ్చి ఉంది, ఆయన ఎప్పుడూ బాగుచేయించమని అడగలేదు.

“ఇదిగో, ఈ అంకె చూస్తూ ఉండండి. రెండు కంటే తగ్గిందంటే మేట మీదకి పోతున్నట్టు.”

“ఆయ్. బాగా కనబడుతుందిరా.”

ఆయన చూపు అంకె మీద లేదు. దానికి బెత్తెడు పక్కన, ఖాళీ చెక్క మీద ఉంది. నేను చూశాను. చూసి కూడా, ముసలాయనకి కొత్త సామాను నచ్చలేదులే అనుకుని మళ్లీ నా కేబుళ్ల దగ్గరికి పోయాను.

మొదటిసారి నీళ్ల మీద తిప్పే రోజు కార్తీక మాసంలో పడింది. అక్క పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టుకున్నాక, బావగారు మోటారుకి బొట్టు పెట్టడానికి వంగారు. ఎడం చేత్తో ముందు తడుముకుని, కుడి చేత్తో పెట్టారు. బొట్టు వెళ్లి ప్రమాదం అని పుర్రె బొమ్మ అంటించిన కాగితం మీద పడింది. పుర్రెకి నుదుట బొట్టు. అందరూ నవ్వారు, నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను. అక్క నవ్వలేదు. పళ్లెం పట్టుకుని ఆయన మోచెయ్యి దగ్గరే నిలబడింది.

యజమాని గారి కుటుంబం, చుట్టాలు, పిల్లలు, అంతా కలిసి పదిహేను మందికి పైగా ఎక్కారు. బావగారు ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, వట్టి కాళ్లతో స్టీరింగ్ గదిలోకి వెళ్లారు. గుడిలోకి వెళ్లినట్టు వెళ్తారని ఆయన్ని చూసి మా కప్పీ వాళ్లు కూడా బయటే విడిచేవాళ్లు. తాడు విప్పాను. ఆయన లివరు ముందుకి తోశారు. తోసి, అలాగే నిలబడ్డారు. కొబ్బరి చెట్లు వెనక్కి పోతున్నాయి, రేవు వెనక్కి పోతోంది. ఆయన మొహం చూస్తే దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది.

“ఏరా, స్టార్ట్ అవలేదేంటి?”

“బావగారూ, రేవు దాటొచ్చేసేం!”

వెనక నిలబడ్డ వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది, నడిపేవాడికే తెలియకుండా కదిలిన పడవ! ఆయన కూడా నవ్వారు, కానీ లివరు మీద చెయ్యి తీయలేదు. నా ఛాతీ ఉబ్బిపోయింది. యజమాని గారిని తీసుకుని మోటార్లు చూపించడానికి కిందికి దిగాను. ఆయన మోటారు పక్కనే నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుతుంటే, నేను మామూలు గొంతుతో జవాబు చెబుతుంటే, ఇన్నాళ్లకి నేను హెల్పర్‌ని కానని నాకే నమ్మకం కలిగింది.

అప్పుడే పడవ ఆగింది. పెద్ద కుదుపేమీ లేదు. ఎవరో మెత్తగా పట్టుకుని ఆపినట్టు ఆగింది. పైన కాఫీ గ్లాసులు జారి పడ్డాయి, ఒక పాప ఏడ్చింది. ఇసుక తగిలి బరువెక్కగానే మోటార్లు వాటంతట అవే ఆగిపోయాయి. పరిగెత్తుకుంటూ పైకి వెళ్లి చూస్తే, వంపు దగ్గర అవతలి గట్టు వెంట పోవాల్సిన వాళ్లం తిన్నగా ఇసుక మేట మీదకి ఎక్కేశాం. పోటు తీసి నీళ్లు తగ్గుతున్న వేళ. అలలు లేవు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్క్రీను మాత్రం లోతు తగ్గిందని కీచు కీచుమని అరుస్తూనే ఉంది. అది ఎవరిదో ఫోను అనుకున్నారట బావగారు.

యజమాని గారు వచ్చారు. కోప్పడే మనిషి కాదు. “ఏమైందండీ? మోటారు ఆగిపోయిందేంటండీ?” అని నన్ను అడిగారు. వెనక చుట్టాలంతా గుమిగూడారు. ఒకాయన, “డీజిల్ అయితే ఇలా అయ్యేదా” అన్నాడు. ఇంకొకాయన, “కరెంటు సామాన్ల సంగతి ఇంతేనండి” అన్నాడు. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

“మోటారుకేం కాలేదండి. మోటారు దివ్యంగా ఉంది. ఆయనకి కళ్లు కనపడవండి!”

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా అది నాకు తెలుసని నాకే తెలియదు. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకోవడం, చీకటి పడకుండా ఇల్లు చేరడం, పుర్రె మీద బొట్టు, అన్నీ ఎప్పుడో చూసి లోపల ఎక్కడో పెట్టుకుని, సరిగ్గా నా పరువుకి అవసరమైన క్షణంలో తీసి విసిరాను. ఇంజను ఉంటే ఆ మోతలో సగం మందికైనా వినపడేది కాదు. నేను చేసిన పడవలో ప్రతి ఒక్కరికీ స్పష్టంగా వినబడింది.

బావగారు యజమాని గారి వైపు తిరిగారు. కొంచెం పక్కకి తిరిగారు.

“ఆయ్. నిజమేనండి. రెండేళ్లయిందండి. షుగరు కళ్లకి వచ్చిందన్నారండి.”

స్టీరింగ్ వదిలేసి గుమ్మం దాకా వచ్చి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నారు. ఇంతమంది తొక్కిడికి అవి దూరంగా పోయాయి. యజమాని గారు వంగి ఆ రెండు చెప్పులూ తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టారు. “పర్లేదండి సరంగు గారూ, మీరు రెస్టు తీసుకోండి” అన్నారు. అంత మర్యాదగా ఆయన ఉద్యోగం పోయింది.

జాలరి పడవలు వచ్చి అందరినీ ఒడ్డుకి చేర్చాయి. పోటు వచ్చి నీళ్లు పెరిగేదాకా లాంచీ కదలదు కాబట్టి మేమిద్దరం ఉండిపోయాం. మధ్యాహ్నమంతా తెల్ల సోఫాల మీద దూరదూరంగా కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలి కదా అని, స్క్రీను చూసుకోవాల్సింది కదా బావగారూ అన్నాను. సిగ్గులేని మాట. ఆయన కోప్పడలేదు.

“నాకు ఆ స్క్రీనులెందుకురా. కింద నీళ్లు తగ్గితే ఇంజను బరువెక్కుద్ది. అరికాళ్లకి తెలుస్తది. గట్టు దగ్గరకొస్తే చప్పుడు తిరిగొచ్చి ఆ వైపు చెవిలో పడుద్ది. ఇసక మీద ఒకలాగ ఉంటది, బురద మీద ఒకలాగ. అంతర్వేది మొగలోంచి తెచ్చేనంటే కళ్లతో తెచ్చేననుకున్నావా?”

అప్పుడర్థమైంది నాకు, ఆయన చెప్పులెందుకు విడిచేవారో. మేమంతా భక్తి అనుకున్నాం. మా వైపు ఎవరు ఎక్కడ చెప్పులు విప్పినా దణ్ణం పెట్టడానికే అనుకుంటాం, ఇంకో కారణం ఉంటుందని ఒక్కడికీ తోచదు. ఆయన మాత్రం అడుగు నేలని చదువుకునేవారు.

“మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?”

“అడిగేను కదరా. కొంచెం చప్పుడు ఉంచకూడదా అని.”

మళ్లీ ఆయనే అన్నారు. “నీకు మొదటి పని. నా కళ్ల సంగతి చెప్తే నువ్వు మానేస్తావేమో, లేదా వాళ్లు నన్ను మాన్పిస్తారేమో. రెండూ ఇష్టం లేకపోయింది. మెల్లగా అలవాటు పడిపోతాననుకున్నానురా. నువ్వన్నది మంచిదేలే. పసిపిల్లలున్నారు.”

ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిజమే, చెప్పి తీరాల్సిన సంగతే. పిల్లలెక్కిన పడవని చూపు లేని మనిషి నడపకూడదు. కానీ నేను చెప్పింది పిల్లల కోసం కాదు, నా మోటారు కోసం. ఆయన్ని పక్కకి పిలిచి, చెయ్యి పట్టుకుని అడగొచ్చు. యజమాని గారికి తర్వాత విడిగా చెప్పొచ్చు. ఆ పూటకి, మోటారుదే ఏదో చిన్న లోపమండి, చూస్తాను అంటే పోయేది నా పరువు ఒక్కటే. రెండు రోజుల్లో తిరిగొచ్చేది కూడా. ఆయనకి ముప్పై ఏళ్ల పేరు. అది ఇంకెక్కడి నుంచి తిరిగొస్తుంది? ఇదంతా ఆయనతో చెప్పి కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు. కూర్చునే ఉన్నాను. సాయంత్రానికి నీళ్లొచ్చి పడవ తేలింది, నేనే వెనక్కి నడిపి రేవులో కట్టాను. ఆయన దారి పొడుగునా ఒక్కసారి కూడా స్టీరింగ్ గది వైపు రాలేదు.

తర్వాత యజమాని గారు కబురు పెట్టారు. లాంచీ సామాన్లన్నీ తెలిసినవాడివి, పరీక్ష కట్టి లైసెన్సు తెచ్చుకుని నువ్వే నడిపెయ్యి అన్నారు. వారం రోజులు కాదన్నాను. వారం తర్వాత ఔనన్నాను. షాపులో కాలిన మోటార్ల వాసన, ఇక్కడ చల్లటి గాలి, నా చేతుల్తో కట్టిన పడవ. కారణాలు చాలా చెప్పుకోవచ్చు. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే అక్క వంటింట్లోంచి బయటికి రాకుండానే అంది.

“నీ తమ్ముడు చేస్తున్నాడు కదే, నాకేం భయం అన్నారు ఆయన. కళ్ల సంగతి నీకు నేను చెప్పేస్తానంటే ఒట్టేయించుకున్నారు.”

ఆ తర్వాత అక్క నాతో మాట్లాడలేదు. బావగారే ఎదురైతే, “ఏరా ఇంజినీరు గారూ, ఎలా నడుస్తుంది?” అని పలకరిస్తారు. బాగుందండి అంటాను. ఆయన్ని ఒక్కసారి లాంచీ ఎక్కించి తిప్పాలని ఉంటుంది. రమ్మంటే మర్యాద కోసం వస్తారు, వచ్చి బాగుందిరా అంటారు. ఆ బాగుంది వినలేక పిలవలేదు.

వాళ్ల ఇల్లు ఏటిగట్టు దిగువన. పొద్దు వాలే వేళకి ఆయన గట్టు దాటి వచ్చి నీళ్ల దగ్గర మెట్ల మీద కూర్చుంటారు. ఇప్పుడు వెలుగు నీడ తప్ప ఏమీ తెలియడం లేదట. పోయే ప్రతి పడవనీ చప్పుడుతోనే చెప్పేస్తారని, ఇది ఫలానా వాళ్ల వేట పడవ, ఇంజనుకి సర్వీసింగ్ చేయించలేదు అని కూడా అంటారని చుట్టుపక్కల వాళ్లు చెప్పుకుంటారు.

మొన్నొక సాయంత్రం గెస్టులని దింపేసి ఖాళీ లాంచీతో వస్తున్నాను. అవతలి వైపు ఇసుక తవ్వే పడవలు అడ్డంగా ఉండడంతో వాళ్ల గట్టు పక్కగా రావాల్సి వచ్చింది. మెట్ల మీద బావగారున్నారు. పై మెట్టు మీద అక్క నిలబడి ఆరేసిన బట్టలు తీస్తోంది. నెమ్మదిగా పోనిచ్చాను. ఒక చీర పొడవు దూరం కూడా లేదు మా మధ్య. ఆయన మొహం నా వైపే ఉంది, చూపు నన్ను దాటి ఎటో పోతోంది. పిలుద్దామని నోరు తెరిచాను. ఇంతలో ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి, అక్కని అడిగారు. నీళ్ల మీద ఏ చప్పుడూ లేదు కాబట్టి ప్రతి మాటా వినబడింది.

“మన లాంచీ రాలేదేంటే ఇంకా?”

అక్క చేతిలో బట్టలు అలాగే పట్టుకుని, కళ్లెత్తి సూటిగా నన్నే చూసింది.

“లేదండి. ఇంకా రాలేదండి” అంది.